కిన్నెర పక్కన కీబోర్డు పెట్టాలంటే ఇండోనేషియావాళ్లను చూడండి

కాలేజీ యానివర్సరీకో, కురుమూర్తి జాతర టైంలో పెట్టుకునే ప్రోగ్రామ్‌కో ఫ్యూజన్ చేద్దాం అనగానే మనవాళ్లు ముందు డీజే బీటు రెడీ చేసి, ఆ తర్వాత డప్పు కొట్టే పెద్దాయనను పిలిచి దాని మీద వాయించమంటారు. ఇది పూర్తిగా రివర్సు. జావా, బాలిలో ఒక గమెలాన్ (కంచు వాద్యాల మేళం) శ్రుతి ఇంకో గమెలాన్‌తో కలవదు, కంచు పలకలు కాబట్టి స్టేజీ మీద మార్చడమూ కుదరదు, అందుకే గిటారో కీబోర్డో వచ్చినా అదే సర్దుకోవాలి.

మన పాలమూరు 12 మెట్ల కిన్నెరకూ ఇదే లెక్క (2022లో మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చింది దీనితోనే). కళాకారుడు తన గొంతుకు తగ్గట్టు తీగ బిగించుకుంటారు, దాన్ని కదపమనకండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి, వట్టి తీగ మీటించి, ఎన్ని సెంట్లు (స్వరం తేడాకు చిన్న కొలత) తేడా ఉందో చూసి కీబోర్డు ఫైన్ ట్యూన్‌ను అక్కడికి తెండి. అయినా మెట్ల దగ్గర స్వరాలు అటూఇటూ ఉంటే కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి నొక్కడం) మానేసి కింద శ్రుతి మాత్రం పట్టించండి, చాలు. మైకు సంగతికొస్తే, యోగ్యకర్తాలో 2010లో మొదలైన సెన్యావా అనే సంగీత జంటలో వుకిర్ సూర్యాది వెదురుతో తనే చేసుకున్న వాద్యానికి పికప్ పెట్టి రాక్ కచేరీలా మోగిస్తాడు. మీరూ చిన్న కాంటాక్ట్ మైకు (వాద్యానికే అంటించేది) తెచ్చి కిన్నెర సొరకాయ బుర్ర మీద నాలుగు చోట్ల పెట్టి చూడండి, కళాకారుడిని అడిగే అంటించండి, మెట్లను అతికించిన మైనం జోలికి మాత్రం పోవద్దు.

లయ ఎవరి చేతిలో ఉండాలి? గమెలాన్‌లో వేగం పెంచేదీ తగ్గించేదీ కెండాంగ్ డోలు వాయించేవాడే. మీ దగ్గర ఆ పని పెద్ద డప్పుది. క్లిక్ ట్రాక్ (ఒకే వేగంలో టక్‌టక్‌మనే రికార్డింగ్) పెట్టారంటే దరువు చచ్చిపోతుంది, కాబట్టి ల్యాప్‌టాప్ అబ్బాయి లూప్‌లను చిన్న ముక్కలు చేసుకుని డప్పును చూస్తూ చేత్తో వదలాలి. ఇంకోటి, డప్పు కాపడానికి ఆడిటోరియంలో మంట పెట్టనివ్వరు, బయట జాగా ముందే చూసుకోండి, లేకపోతే రెండో ఐటమ్‌కే చర్మం వదులై మొద్దుగా మోగుతుంది.

స్టెప్పుల కోసం యూట్యూబ్ వెతక్కండి. ఇండోనేషియా డాన్సర్ ఎకో సుప్రియాంతో 2001లో మడోన్నా టూర్‌లో ఆడినవాడు, అయినా 'క్రై జైలోలో' అనే తన నృత్యం కోసం హల్మహేరా దీవిలోని జైలోలో కుర్రాళ్లనే తీసుకుని, వాళ్ల పాదాల తాకిడినే మళ్లీ మళ్లీ తిప్పి డాన్స్ కట్టాడు. కోలాటంలో ఒక్క అడుగు తీసుకోండి. కోలలు లేకుండా, సగం వేగంలో ఆడించి, చివర్లో కోలల చప్పుడు వదలండి.

ఏది స్టేజీ ఎక్కించొచ్చు అనే గొడవ అక్కడా వచ్చింది. బాలిలో టూరిస్టులు చూసే కెచక్ నృత్యం కూడా సంగ్యాంగ్ పూనకపు క్రతువులోని కోరస్‌కు 1930లలో వయాన్ లింబాక్, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్ రామాయణం కలిపితే తయారైందే. తర్వాత 1971లో బాలిలో సెమినార్ పెట్టి నాట్యాలను గుడిలోనే ఆడేవి, పూజకు తోడుగా ఆడేవి, చూడ్డానికి ఆడేవి అని మూడుగా విడగొట్టారు. మీరూ ఒగ్గు పూజారులను కూర్చోబెట్టి అడగండి. కథ, డోలు, గజ్జెల ఆట వరకు సాధారణంగా ఒప్పుకుంటారు, మల్లన్న పట్నం (పూజ కోసం వేసే రంగుల ముగ్గు) వేయడం జోలికి పోకపోవడమే మంచిదని నా మాట.

డబ్బులు రిహార్సల్ రోజులకు కూడా కట్టివ్వాలి, పోస్టర్ మీద కళాకారుల పేర్లు మీ బ్యాండు పేరంత సైజులోనే పడాలి.