అన్యాయం జరిగిందని ఫోన్ వస్తే ముందు ఏం చేయాలి

నేను బాగ్‌లింగంపల్లిలో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లతో, మున్సిపాలిటీ కార్మికులతో తిరుగుతున్నాను. ఈ మధ్య కాలేజీ పిల్లలు చాలామంది "అక్కా, మేమూ పనిచేస్తాం" అని వస్తున్నారు. రావాలి, మనుషులు కావాలి. కానీ వాళ్లు పట్టుకొస్తున్న పద్ధతి చూస్తే నాకు భయం వేస్తోంది. ఎవరిది ఏ కులమో, ఏ మతమో తెలియగానే తప్పెవరిదో తేల్చేస్తున్నారు. సాయంత్రానికి పోస్టర్ తయారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇళ్లల్లో పనిచేసే ఒకామెకు జరిగింది. ఆమెను అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. రెండేళ్ల కిందట మా దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పక్కన సెల్లో టేపుతో ఒక కాగితం అంటించారు. "పనివాళ్లు లిఫ్ట్ వాడరాదు. వాడితే 300 రూపాయల జరిమానా." ఆమె పని నాలుగో అంతస్తులో. మోకాళ్ల నొప్పులు. పైగా ఒక ఇంటివాళ్లు రెండు నెలల జీతం, 7,000 రూపాయలు, ఆపేశారు. ఒక కుర్రాళ్ల బృందానికి ఈ విషయం తెలిసింది. వచ్చారు, ఆమెను ఆ కాగితం పక్కన నిలబెట్టి ఫొటో తీశారు, "దళిత మహిళపై ఆధిపత్య కుల అహంకారం" అని రాసి పెట్టారు. గేటు ముందు గంటసేపు నినాదాలు ఇచ్చి వెళ్లిపోయారు. వారం తిరగకుండా ఆమెకు మిగతా రెండిళ్ల పనీ పోయింది.

నేను వెళ్లేసరికి ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: "నా ఫొటో ఎందుకు పెట్టిన్రు అక్కా? మా పిల్ల స్కూల్ల ఎవ్వరికీ మా కులం చెప్పుకోలే. ఇప్పుడు ఫోన్లల్ల అందరికీ తెలిసిపాయె."

కాబట్టి మొదటి పని: ఫోన్ సంచిలో పెట్టేయండి. ఇద్దరే వెళ్లండి, అందులో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. బాధపడ్డవాళ్ల ఇంట్లో కూర్చోండి, గేటు దగ్గర కాదు. మూడు విషయాలు అడగండి. ఏం జరిగింది? తేదీ, టైం, అన్న మాటలు అన్నట్టుగానే రాసుకోండి. నీకేం కావాలి? నీకు దేనికి భయం? ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ఆమెను అడిగి ఉంటే "పిల్ల" అని ఒక్క మాటలో చెప్పేది.

తర్వాత అవతలివాళ్ల దగ్గరికీ వెళ్లాలి. నిజనిర్ధారణ అని పేరు పెట్టుకుని ఒక పక్కే విని వస్తే అది నిర్ధారణ కాదు. నేను వాచ్‌మన్‌తో, సెక్రటరీతో, కమిటీ వాళ్లతో మాట్లాడాను. సెక్రటరీ బీసీ. ఆ కాగితానికి ఒప్పుకున్న కమిటీలో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉన్నాడు, ఆయనా ఎస్సీయే. పోస్టర్ చెప్పిన కథ ఇక్కడ నిలవలేదు. అలాగని కులం లేదని కాదు. ఒక ఇంట్లో ఆమెకు వేరే గ్లాసు ఉండేది, కిటికీ గట్టు మీద బోర్లించి. దాన్ని నా కళ్లతో చూశాను. లిఫ్ట్ వేరే సంగతి, గ్లాసు వేరే సంగతి. రెండిటినీ ఒకే నినాదంలో కలిపితే రెండూ తెగవు.

ఇంకో నష్టం కూడా జరిగింది. ఆ బిల్డింగ్‌లో పదకొండు మంది పనిచేస్తారు. రకరకాల కులాలవాళ్లు, ఇద్దరు ముస్లింలు. జరిమానా అందరికీ. కానీ పోస్టర్ ఒక్కరి గురించే మాట్లాడేసరికి మిగతా పదిమందీ "ఇది మన గొడవ కాదు" అని పక్కకు తప్పుకున్నారు. మళ్లీ వాళ్లను కూడగట్టడానికి పదిహేను రోజులు పట్టింది. పదకొండు సంతకాలతో, వేలిముద్రలతో ఒక ఉత్తరం అసోసియేషన్‌కు ఇచ్చాం. మూడు వారాలకు కాగితం పీకేశారు. జీతంలో 5,500 వచ్చింది. పోయిన రెండిళ్లు మాత్రం తిరిగి రాలేదు.

చట్టం గురించి. ఎట్రాసిటీ కేసు పెడతామని ఊరికే బెదిరించకండి. 1989 నాటి ఆ చట్టం, అంటే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం, బతకడానికి పనికొచ్చే ఆయుధం, ఊపడానికి జెండా కాదు. కులం పేరుతో తిట్టారంటే ఎక్కడ, నలుగురికీ తెలిసే చోటేనా, విన్నదెవరు అన్నవి కావాలి. అవి ఉండి, ఆమె సరేనంటే వెనకాడొద్దు. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, మన సిటీలో అయితే ఏసీపీ. ఆమె వద్దంటే వద్దు.

మ్యాన్‌హోల్ చావుల్లోనూ ఇంతే. కొవ్వొత్తులు వెలిగించేముందు కాగితం కదపండి. 2014లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం అంది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. కాంట్రాక్టర్ ఎవరు, గ్లవ్స్, మాస్కులు ఎప్పుడు కొన్నారు అని 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లండి.

అలాంటి దరఖాస్తులు రాయడంలో దిట్ట ఒక అబ్బాయి ఉండేవాడు. ఒక మీటింగ్‌లో అతని ఇంటిపేరు విని "నీకిక్కడ మాట్లాడే అర్హత లేదు" అన్నారు. ఆ రోజు నేనూ ఊరుకున్నాను. అది తప్పు, ఇప్పటికీ బాధగా ఉంది. అతను మళ్లీ రాలేదు, అతని చేతిలో ఉన్న నాలుగు ఫైళ్లూ ఆగిపోయాయి. మొదటి మాట బాధపడ్డవాళ్లదే, అందులో సందేహం లేదు. రెండో మాట పని తెలిసినవాళ్లది, వాళ్లు ఎవరైనా సరే.

కులం, మతం గుర్తింపు మీద నడిచే అస్తిత్వ ఉద్యమాలే వద్దంటున్నానని అనుకోవద్దు. మాదిగల దండోరా ఉద్యమం చూడండి. 1994లో మొదలైంది, ఒకే డిమాండ్: ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను అందులోని కులాలకు గ్రూపుల వారీగా పంచడం. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచ్ రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి, 1, 9, 5 శాతం రిజర్వేషన్ చొప్పున. ముప్పై ఏళ్లు ఒక లెక్క పట్టుకుని నిలబడ్డారు. ఎస్సీల్లోనే మరో కులమైన మాలల సంఘాలు అంతే గట్టిగా వద్దన్నాయి, వాళ్ల వాదన వాళ్లకుంది. అందుకే ఎవరైనా మైకు పట్టుకుని "దళితులు ఇలా అనుకుంటున్నారు" అంటే, ఏ బస్తీలో, ఎవరిని అడిగావు నాయనా అని అడగండి.

చివరి పని, అందరూ మానేసేది. నెల తర్వాత మళ్లీ వెళ్లండి. పని ఉందా, జీతం ఇస్తున్నారా, పిల్ల బడికి పోతోందా అని అడగండి. ఆమె ఇప్పుడు విద్యానగర్‌లో రెండిళ్లు చూసుకుంటోంది. పిల్ల పదో తరగతి పాసైంది, కానీ ఇంటర్‌కు వేరే పేటలో కాలేజీ కావాలని పట్టుబట్టి అక్కడే చేరింది.