చిన్నపేగులో అడ్డం: ఆపరేషన్ లేకుండా చూసే రోజుల్లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

కడుపునొప్పితో తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో వచ్చిన మనిషికి స్కాన్ తీసి, "పేగు అడ్డం పడింది, ఇప్పుడే ఆపరేషన్ వద్దు, చూద్దాం" అంటే ఇంటివాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. ఊరికే పడుకోబెట్టారని అనుకుంటారు. నిజానికి ఇది గంటగంటకూ కనిపెట్టుకుని చేసే వైద్యం. పాత ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కోవడం వల్ల వచ్చిన అడ్డం చాలామందిలో ఇలాగే విడిపోతుంది.

నొప్పి ఆగకుండా వస్తోంది, జ్వరం, గుండెదడ, పొట్ట ముట్టుకోనివ్వట్లేదు
అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. అలలుగా వచ్చి పోయే నొప్పి ఎడతెగకుండా మారిందంటే పేగుకు రక్తం అందట్లేదేమోనని అనుమానించాలి. ఇక ఎదురుచూడకూడదు, వెంటనే సర్జన్‌ను పిలవాలి. గజ్జల్లో లోపలికి పోని గడ్డ (హెర్నియా) ఉన్నా అంతే.

పచ్చటి వాంతులు, పొట్ట బిర్రుగా ఉంది
అడ్డానికి పైన నీరు, గాలి నిలిచిపోయాయి. ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ అనే సన్నని గొట్టం వేసి ఖాళీ చేస్తారు.

ట్యూబ్ ఉన్నా వాంతి అవుతోంది
ట్యూబ్ మూసుకుపోయిందో, మడతపడిందో, పైకి జారిందో చూడాలి. ముక్కు దగ్గర ప్లాస్టర్ అంచున ట్యూబ్ మీద ఏ అంకె కనిపిస్తోందో మొదటిరోజే గుర్తుపెట్టుకోండి. అంకె మారితే సిస్టర్‌కు చెప్పండి, మీరు తోయకండి. ట్యూబ్ సరైన చోటే ఉంటే 20-30 మి.లీ. సెలైన్‌తో కడిగి చూస్తారు.

మూత్రం తగ్గింది, నాలుక పిడచకట్టింది
ఒంట్లోని నీరు పేగులోకి, వాంతుల్లోకి పోయింది. సెలైన్, రింగర్ లాక్టేట్ ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మి.లీ. మూత్రం రావాలి. పొటాషియం తగ్గితే పేగు ఇంకా మందగిస్తుంది. రక్తపరీక్ష చూసి, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తారు.

దాహం, దాహం అంటున్నారు
మా వార్డులో ఎక్కువగా వినేది ఈ మాటే. "కొండ తీర్థమేగా సార్, ఒక్క గుక్క" అని అడుగుతారు. మనసుకు కష్టమే, అయినా నోట్లో పోయకండి. తీర్థం తలమీద చల్లండి, తడిగుడ్డతో పెదాలు తుడవండి. కొబ్బరినీళ్లూ వద్దు. ఇక మోషన్ కోసం ఆముదం పట్టించడం ప్రమాదం. దారి మూసుకున్న పేగును అది ఇంకా పిండుతుంది.

రెండో రోజుకీ గ్యాస్ పోలేదు
పొట్ట ఖాళీ చేశాక ట్యూబ్‌లోంచి గ్యాస్ట్రోగ్రాఫిన్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవ మందు) సుమారు 100 మి.లీ. ఇచ్చి ట్యూబ్ కొన్ని గంటలు మూసి ఉంచుతారు. వాంతి వస్తే వెంటనే తెరవాలి. 24 గంటల్లోపు తీసే ఎక్స్‌రేలో ఆ మందు పెద్దపేగు దాకా చేరితే చాలావరకు గండం గడిచినట్టే. చేరకపోతే, మూడు రోజులు దాటినా విడవకపోతే, సాధారణంగా ఆపరేషనే మంచిది. అప్పుడు ఇంకో రోజు చూద్దామని బతిమాలకండి.

గ్యాస్ పోయింది, ఆకలంటున్నారు
మొదట నీళ్లు గుక్క గుక్కగా. పొట్ట ఉబ్బకపోతే గంజి, మజ్జిగ, తర్వాత మెత్తటి అన్నం. రాగి సంగటికి డాక్టరు సరే అనేదాకా ఆగండి. ఇంటికెళ్లాక మళ్లీ వాంతులు, ఉబ్బరం మొదలైతే పాత ఆపరేషన్ కాగితాలు తీసుకుని వెంటనే రండి.