నడిసముద్రపు దీపస్తంభం బాగుచేసే పని: స్వచ్ఛంద బృందం తెలుసుకోవలసినవి

సముద్రం మధ్యలో ఒంటరిగా నిలిచిన పాత దీపస్తంభాన్ని చూస్తే, దాన్ని దెబ్బతీసేది అలలేనని అనిపిస్తుంది. కట్టినవారు ఆ అలలను ముందే లెక్కలో పెట్టుకున్నారు. లోపల మనిషి లేని రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు. కారిన చోట తుడిచి, తుప్పు కనబడిన చోట గీకి, ఎండ కాసిన రోజున కిటికీలు తెరిచే కాపలాదారు ఎప్పటికీ ఉంటాడన్న నమ్మకంతో కట్టిన కట్టడాలవి. దీపం దానంతటదే వెలిగే ఏర్పాట్లు వచ్చాక కాపలాదారులు వెళ్లిపోయారు, చాలాచోట్ల కిటికీలను ఇనుప రేకులతోనో కాంక్రీటు దిమ్మలతోనో మూసేశారు. అందువల్ల స్వచ్ఛంద బృందం ముందుగా చేయవలసిన పని, ఆగిపోయిన ఆ కాపలాదారు దినచర్యను మళ్లీ మొదలుపెట్టడం.

దానికంటే ముందు కట్టడం ఎవరిదో, దీపం ఎవరిదో విడివిడిగా తేల్చుకోవాలి. అమెరికాలో 2000లో వచ్చిన జాతీయ చారిత్రక దీపస్తంభాల సంరక్షణ చట్టం కింద, ప్రభుత్వానికి అవసరం తీరిన స్తంభాలను స్థానిక ప్రభుత్వాలకు, లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితంగా అప్పగిస్తారు. అర్హులెవరూ ముందుకు రాకపోతే వేలం వేస్తారు. అప్పగించిన తర్వాత కూడా వెలుగుతున్న దీపం తీర రక్షక దళం అజమాయిషీలోనే ఉంటుంది, దాని మరమ్మతుకు వచ్చిపోయే హక్కూ వారికి ఉంటుంది. అక్కడి చెసపీక్ అఖాతంలో 1875లో మరమేకుల కాళ్లపై (సముద్రపు అడుగులోకి మరలా తిప్పి దింపిన ఇనుప కాళ్లపై) కట్టిన థామస్ పాయింట్ షోల్ దీపస్తంభం ఈ చట్టం కిందే 2004లో అనాపొలిస్ నగరం చేతికి వచ్చింది. అక్కడి పని చాలావరకు స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగానే సాగింది. స్తంభం కింద ఉన్న నేల వేరొకరిది కావచ్చు కనుక ఆ పత్రాలు కూడా చూసుకోవాలి. రాత్రి పనికోసం మీరు వేసుకునే పెద్ద లైట్లు నావికులను తికమకపెట్టే ప్రమాదం ఉంది కాబట్టి వాటికి కూడా అనుమతి అడగాలి.

మొదటి ప్రయాణాన్ని పనికోసం కాక పరిశీలన కోసం కేటాయించండి. స్తంభం ఎక్కే నిచ్చెనలో అన్నిటికంటే బలహీనమైన మెట్లు తరచూ ఆటుపోట్ల మధ్య, ఆ పైన అలలు చిమ్మే చోట ఉంటాయి, ఎందుకంటే రోజూ తడిసి ఆరే ఇనుమే వేగంగా తుప్పు పడుతుంది. పడవలో నిలబడే వాటిని సుత్తితో తట్టి చూడాలి: గట్టి ఇనుము ఖంగుమంటుంది, పొరలు విడిన ఇనుము బోలుగా పలుకుతుంది. ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సామాను తర్వాత తాడుతో పైకి లాగాలి. పడవ అలతో పాటు పైకి లేచి ఒక్క క్షణం నిలకడగా ఉన్నప్పుడే నిచ్చెన అందుకుని వెంటనే రెండు మెట్లు పైకి వెళ్లాలి. పడవ దిగుతుండగా అడుగు వేసిన వారి కాలిని, తర్వాతి అలకు లేచే పడవ అంచు నిచ్చెనకేసి నొక్కేస్తుంది. గాలి తిరిగితే ఆ సాయంత్రం తిరిగి రాలేకపోవచ్చు; అదనంగా రెండు రోజులకు సరిపడా తిండి, మంచినీళ్లు, మందులు పైన ఉంచనిదే పని మొదలుపెట్టకూడదు.

లోపలికి వెళ్లాక రంగు డబ్బా జోలికి వెళ్లాలన్న తొందరను అణచుకోవాలి. ఉత్సాహం ఉన్న బృందాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పాత స్తంభం ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది: కింద కిటికీల్లోంచి వచ్చిన గాలి మెట్ల వెంట పైకి లేచి, దీపగృహం కప్పు మీది గుండ్రటి గాలిగుమ్మటం గుండా బయటికి పోతుంది. ఆ దారి మూసుకుపోతే గోడల లోపలి ముఖం మీద నీటి బిందువులు కడతాయి, రంగు పొక్కులై రాలుతుంది, చెక్క పుచ్చుతుంది. కిటికీలు మూసిన రేకుల స్థానంలో వాన లోపలికి రాకుండా, గాలి మాత్రం ఆడేలా ఏటవాలు పలకల తలుపులు బిగించి, పక్షులు దూరకుండా వెనక సన్నటి జాలీ కొట్టాలి. పైనున్న గుమ్మటంలోని గూళ్లు తీసేయాలి. ఎండిన పక్షి రెట్టను పొడిగా ఊడవకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది కనుక ముందుగా తడిపి, సరైన మాస్కుతో ఎత్తాలి.

ఇనుప స్తంభాల మీది పాత రంగుల్లో సీసం ఉంటుందనే భావించి, పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి. పొడిగా రాపిడి పెట్టకుండా తడిపి గీకాలి, పెచ్చులు సముద్రంలో పడకుండా కింద టార్పాలిన్ కట్టాలి. ఉప్పు పేరుకున్న ఇనుము మీద ఎంత ఖరీదైన రంగు వేసినా అడుగు నుంచి పొక్కుతుంది. అందుకే ముందు మంచినీళ్లతో కడిగి, పైన చెప్పినట్టు తడిపి గీకి, ఆరిన వెంటనే తుప్పు నిరోధించే మొదటి పూతను అదే రోజు వేయాలి. ఉదయం శుభ్రం చేసిన ఇనుము ఆ ఉప్పు గాలికి సాయంత్రానికే నారింజ రంగుకు తిరుగుతుంది కనుక, పూత వేయగలిగినంత మేరే గీకండి. పాత ఇనుముకు స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా బిగిస్తే రెండు లోహాల మధ్య ఇనుమే తినేసుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్లు పెట్టాలి.

రాతి, ఇటుక స్తంభాలకు సిమెంటు ఆమడ దూరంలో ఉండాలి. పాత ఇటుక కంటే సిమెంటు గట్టిది, తేమను వదలదు. ఇటుకల మధ్య అతుకుల్లోంచి పోవలసిన తేమ ఇటుక ముఖం గుండా పోతూ దాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది. పాడైన అతుకులను మిషనుతో కోయకుండా ఉలితో, అతుకు వెడల్పుకు కనీసం రెండింతల లోతు వరకు తీసి, నీటిలోనూ గట్టిపడే సున్నపు గచ్చు నింపి, కొన్ని రోజులు తడి గోనె కప్పి ఉంచాలి. ఈ విషయంలో మనకు పెద్ద దిక్కు ఇంగ్లండు ఇంజనీరు జాన్ స్మీటన్. ఇంగ్లండులోని ప్లిమత్ దగ్గరి సముద్రంలో 1759లో వెలిగిన తన ఎడ్డీస్టోన్ స్తంభం కోసం ఆయన ఎన్నో సున్నపురాళ్లను పరీక్షించి, బంకమట్టి పాలు ఉన్న రాతి సున్నమే నీటిలో గట్టిపడుతుందని తేల్చారు. వేల్స్‌లోని అబర్థా సున్నంలో ఇటలీ నుంచి తెప్పించిన పొజొలానా అనే అగ్నిపర్వతపు బూడిద మట్టిని సమపాళ్లలో కలిపించారు. నూట ఇరవై ఏళ్లకు పైగా గడిచాక ఆ స్తంభాన్ని మార్చవలసి వచ్చింది అడుగున ఉన్న బండ కోసుకుపోయినందుకే. దాని మొండెం ఇప్పటికీ అక్కడే ఉంది, పైభాగాన్ని ప్లిమత్ తీరంలో మళ్లీ కట్టారు. గచ్చు కలపడానికి సముద్రపు నీళ్లు ఎంత దగ్గరగా ఉన్నా వాడకండి. మోయవలసిన సామానులో ఎక్కువ బరువు మంచినీళ్లదే అవుతుంది.

ఫ్రెనెల్ కటకం (దీపం చుట్టూ గాజు పట్టకాలను ఇత్తడి చట్రంలో అమర్చిన పెద్ద కటకం) ఇంకా అక్కడే ఉంటే దాని దగ్గరికి ఉంగరాలు, గడియారం, ఇత్తడి గుండీల చొక్కాతో వెళ్లవద్దు. పాత కాపలాదారులు నారబట్ట ఏప్రన్ కట్టుకునేది ఆ గీతల భయంతోనే. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాక, తేలికపాటి సబ్బు కలిపిన నీళ్లలో పిండిన నూలుగుడ్డతో పట్టకాలను ఒక్కొక్కటిగా తుడవాలి. అమ్మోనియా ఉన్న అద్దాల ద్రవం ఇత్తడి చట్రాన్ని తినేస్తుంది. పగలు తెరలు దించి ఉంచాలి, ఎందుకంటే దీపాన్ని దూరానికి పంపే ఆ గాజు ఎండను లోపలికి కూడగట్టి నిప్పు పుట్టించగలదు. కటకం తిరిగే తొట్టిలో పాదరసం కనబడితే గది వదిలి నిపుణులను పిలవండి.

చలికాలానికి ముందు చివరిసారి దిగేటప్పుడు, నీటి గొట్టాల్లోని చెత్త తీసి, గాలి తలుపులు తెరిచే ఉన్నాయని చూసి, కింది తలుపుకు తాళం వేయాలి. ప్రతి అంతస్తులో గోడ మీద గుర్తు పెట్టిన చోటు నుంచే ఫొటోలు తీసి, తేదీతో చిట్టా పుస్తకంలో రాయాలి. వసంతంలో అక్కడే నిలబడి తీసిన ఫొటో పక్కన పెట్టి చూస్తే, తేమ ఏ గోడ నుంచి వచ్చిందో తెలుస్తుంది.