బీటా ఆడటం నేర్చుకుందాం – పాఠం 3: మొదటి గంట

బీటా అంటే విడుదలకు ముందు ఆటగాళ్లతో ఆడించి పరీక్షించే గేమ్. డౌన్‌లోడ్, డ్రైవర్లు, స్టోరేజీ గొడవలన్నీ గత పాఠంతో అయిపోయాయి. గేమ్ ఓపెన్ అయింది, కంపెనీ లోగోలు ఒక్కొక్కటే పోతున్నాయి అనుకుందాం. ఈ పాఠం అక్కడ మొదలై గంట తర్వాత ఆగిపోతుంది. ఆ గంటలో ఏం చూడాలి, ఏం రాసుకోవాలి అన్నదే విషయం.

గేమ్ తయారుచేసినవాళ్ల దగ్గర అన్నీ ఉంటాయి, కొత్తవాడి కళ్లు తప్ప. మొదటి లెవెల్‌ను వాళ్లు ఎన్నిసార్లు ఆడి ఉంటారో లెక్కే ఉండదు. ఏ తలుపు తెరుచుకుంటుందో, ఏ బటన్ నొక్కితే మ్యాప్ వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మీకు తెలియదు. ఆ తెలియకపోవడమే వాళ్లకు కావాలి, అది మీ దగ్గర ఎక్కువసేపు నిలవదు. రెండో రోజుకల్లా చేతులకు అలవాటైపోయి ‘మెనూలు బాగానే ఉన్నాయి’ అని రాసేస్తారు. ఇన్వెంటరీ (మన దగ్గరున్న వస్తువుల జాబితా) ఎక్కడుందో తెలీక మొదటిసారి తిప్పలు పడ్డ సంగతి అప్పటికి గుర్తే ఉండదు. కాబట్టి ఆడుతూనే రాసుకోవాలి. కాగితమైనా సరే, ఫోన్‌లో వాయిస్ నోట్ అయినా సరే. టైప్ చేయడానికి గేమ్ మధ్యలో ఆపేసేవాళ్లున్నారు, దానికంటే వాయిస్ నోటే నయం.

ఎలా రాసుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. షూటర్ (తుపాకులతో కాల్చే గేమ్) ఆడిన చాలామంది ఇలా రాస్తారు: ‘గన్ ఫీల్ బాలేదు.’ దీంతో ఎవరికీ ఉపయోగం లేదు. అదే అనుభవాన్ని ఇలా రాయండి: ‘మూడో మ్యాచ్. ముంబై సర్వర్, పింగ్ 38. పది మీటర్ల దూరంలో కదలకుండా నిలబడ్డవాణ్ణి కాల్చాను. తగిలినట్టు గుర్తు వచ్చింది, అవతలివాడి హెల్త్ తగ్గలేదు. మళ్లీ ఒకసారి ఇలాగే అయింది. రికార్డింగ్ ఉంది.’ ఇందులో మీ అభిప్రాయం ఒక్క ముక్క లేదు. అయినా చదివే ఇంజినీరుకు ఎక్కడ వెతకాలో అర్థమైపోతుంది. నచ్చిందా లేదా అన్నది చివర్లో ఒక్క వాక్యంలో రాయొచ్చు. ముందు జరిగింది రాయాలి.

ఆ పింగ్ అంకె ఎందుకంటారా? పింగ్ అంటే మీ దగ్గర్నుంచి సర్వర్‌కు సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. చాలా బీటాలకు మన దేశంలో సర్వర్ ఉండదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని సింగపూర్ సర్వర్‌లో ఆడుతూ గేమ్ లాగ్ అవుతోందంటే, తప్పు గేమ్‌దా, దూరానిదా అన్నది అంకె చూస్తేనే తేలుతుంది. మ్యాచ్ మొదలవగానే ఏ సర్వర్, ఎంత పింగ్ అని రాసుకోవడం అలవాటు చేసుకోండి. అమెరికాలో ఉన్న మన పిల్లలతో కలిసి ఆడేటప్పుడు ఇది మరీ ముఖ్యం. లాబీ (మ్యాచ్‌కు ముందు అందరూ చేరే గది) ఎవరు పెట్టారన్నదాన్ని బట్టి మ్యాచ్ వాళ్ల సర్వర్‌కు వెళ్లిపోవచ్చు.

పీసీలో ఆడేవాళ్లకు ఇంకొక మాట. గేమ్ 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు) నడుస్తోందంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతున్నట్టు. సగటు బాగానే ఉండి, మధ్యలో ఎక్కడో టక్కున ఆగి కదిలిందనుకోండి, వెనక్కి వెళ్లి అదే చోట అదే పని మళ్లీ చేయండి. మొదటిసారి ఆగి, రెండోసారి సాఫీగా నడిస్తే షేడర్లు (తెర మీద బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు కంపైల్ అవుతూ, అంటే తయారవుతూ ఉండొచ్చు. రెండుసార్లూ ఆగితే కారణం వేరే ఉంది. ‘గేమ్ స్టక్ అవుతోంది’ అన్న ఫిర్యాదుకూ, ‘మొదటిసారి మాత్రమే ఆగుతోంది’ అన్న నోటుకూ చాలా తేడా ఉంది.

ఇక అసలు కష్టమైన భాగం: చూసినదాంట్లో ఏది మారుతుంది, ఏది మారదు? దీనికి నేనెప్పుడూ రాక్షసులను చంపుతూ వస్తువులు పోగేసుకునే గేమ్ డయాబ్లో 4నే ఉదాహరణగా తీసుకుంటాను. 2023 మార్చి 17 నుంచి 19 వరకు ముందే కొన్నవాళ్లకు, 24 నుంచి 26 వరకు అందరికీ బీటా తెరిచారు. మొదటి అంకం మాత్రమే, లెవెల్ 25 దాటనివ్వరు. లాగిన్ కావడానికే పెద్ద క్యూ. లోపలికి వెళ్లాక చాలామంది విసుక్కున్నది డంజన్లలో (శత్రువులుండే నేలమాళిగల్లో) నడక గురించి. ఒక మూలకు వెళ్లి ఏదో పూర్తిచేసి, ఖాళీ అయిపోయిన అదే దారిలో వెనక్కి రావాలి. చచ్చినవాళ్లను లేపి పోరాడించే నెక్రోమాన్సర్ పాత్రతో ఆడినవాళ్లకు పోరాడే బాధ కూడా లేదు. వాళ్ల అస్థిపంజరాల సైన్యం యుద్ధమంతా చూసుకుంటుంటే వెనకాల షికారు చేయడమే పని. ఏప్రిల్‌లో కంపెనీ మార్పుల జాబితా ఇచ్చింది. వెనక్కి నడిచే బాధ తగ్గేలా డంజన్ల దారులు సరిచేశారు, అస్థిపంజరాలు తరచుగా చచ్చేలా చేశారు. గేమ్ జూన్ 6న వచ్చింది.

అదే బీటాలో ఇంకొక మెలిక ఉంది. లెజెండరీ ఐటమ్స్ (అరుదైన, బలమైన వస్తువులు) పడే రేటును బీటా కోసం కావాలనే పెంచారు, మేలో సర్వర్లను పరీక్షించడానికి జరిపిన సర్వర్ స్లామ్ నాటికి తగ్గించేశారు. మార్చిలో ఆడి ‘అబ్బ, లూట్ ఏం పడుతోంది!’ అని సంబరపడి కొన్నవాళ్లకు జూన్‌లో వేరే గేమ్ ఎదురైంది. బీటాలో దొరికే లూట్ పెళ్లిచూపులనాటి మర్యాదలాంటిది, దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టకండి. మారనిది వేరే ఉంది: ఒంటరిగా ఆడినా నెట్ ఉండి తీరాలన్న నియమం. అది గేమ్ పునాదిలోనే ఉంది, ఏ ఫీడ్‌బ్యాక్‌తోనూ కదలదు. మీ నోట్సులో ఇలాంటివాటి పక్కన ‘పునాది’ అని రాసుకోండి.

పునాది మీద ఫిర్యాదు ఎంత ఆలస్యంగా తీరుతుందో యుద్ధం మీద వచ్చిన షూటర్ బ్యాటిల్‌ఫీల్డ్ 2042 చూపించింది. 2021 అక్టోబర్ మొదట్లో బీటా, నవంబర్ 19న విడుదల. మధ్యలో ఆరు వారాలు కూడా నిండుగా లేవు. పాత క్లాసులు (ఒక్కో పనికి ఒక్కో రకం సైనికుడు) తీసేసి స్పెషలిస్టులను (సొంత పేరూ ప్రత్యేక శక్తీ ఉన్న పాత్రలను) పెట్టడం చాలామందికి బీటాలోనే మింగుడుపడలేదు. క్లాసులు తిరిగి వచ్చింది 2023 ఆరంభంలో. అందుకే బీటా తేదీ చూడగానే విడుదల తేదీ కూడా చూడమంటాను. మధ్యలో నెలా నెలన్నరే ఉంటే అక్కడ పరీక్షకు నిలబడేది సర్వర్లు, అంకెలు (దెబ్బ ఎంత, లూట్ ఎంత లాంటివి) మాత్రమే. మిగతాదంతా పబ్లిసిటీ. నా లెక్కలో అది తప్పేమీ కాదు, కాకపోతే గేమ్ స్వరూపం మారుతుందని ఆశపడకూడదు.

మొబైల్ సంగతి క్లుప్తంగా. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) బీటా 2021 జూన్ 17న ఆండ్రాయిడ్‌లో మొదలై, జులై 2న ఆండ్రాయిడ్‌వాళ్లందరికీ గేమ్ వచ్చింది. ప్లే స్టోర్‌లో ఇలా టెస్టింగ్‌లో ఉన్న గేమ్‌కు మీరు రాసేది డెవలపర్‌కే వెళ్తుంది, బయటివాళ్లకు కనిపించదు. స్టార్లు తగ్గించి కసి తీర్చుకునే వీలు లేదు కనుక ఫోన్ మోడల్, ర్యామ్, ఎంతసేపటికి వేడెక్కింది అన్నవి రాసి పంపండి. ఛార్జింగ్ పెట్టి ఆడుతున్నారో లేదో కూడా చెప్పండి, వేడి లెక్క దాంతో మారిపోతుంది.

క్లోజ్డ్ బీటా (పిలిచినవాళ్లకు మాత్రమే తెరిచేది) అయితే గోప్యత ఒప్పందం ఉందేమో మొదటి స్క్రీన్‌లోనే చదవండి. ఉంటే స్క్రీన్‌షాట్ ఫ్రెండ్స్ గ్రూపులో కూడా పెట్టకూడదు.

ఈ వారం అభ్యాసం: పీసీ గేముల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ప్లేటెస్ట్‌కు (ఆడి చూసే పరీక్షకు) తెరిచిన గేమ్ ఏదైనా ఎంచుకోండి. దొరక్కపోతే డెమో అయినా పర్వాలేదు. ఫిబ్రవరి, జూన్, అక్టోబర్ నెలల్లో జరిగే స్టీమ్ డెమోల పండుగ నెక్స్ట్ ఫెస్ట్‌లో కావలసినన్ని ఉంటాయి. మీకు అలవాటైన రకం గేమ్ మాత్రం వద్దు. కాగితం మధ్యలో గీత కొట్టి, ఆటను రికార్డ్ చేస్తూ గంటసేపు ఎడమవైపు జరిగినవి మాత్రమే రాయండి. కుడివైపు ఖాళీగా వదిలి పడుకోండి. మర్నాడు ఒక్కో లైను చదివి, దాని ఎదురుగా కుడివైపు ‘అంకె’, ‘బగ్’, ‘పునాది’ అన్న మూడింటిలో ఏదో ఒకటి రాయండి. దేనికిందికీ రానివి మిగిలితే కొట్టేయకుండా ఉంచండి. ‘బగ్’ అని రాసిన ఒక లైనును పూర్తి రిపోర్టుగా ఎలా మార్చాలో నాలుగో పాఠంలో చేద్దాం. దానికి ఆ రికార్డింగ్ కావాలి, డిలీట్ చేయకండి.