ఫౌజీ అన్న రిటైర్మెంటుకు బహుమతి కొనేముందు

ముందుగా వదినను అడగండి. అన్నను అడిగితే "ఏమొద్దురా" అనే అంటడు.

– హోదా, రెజిమెంటు పేరు కాగితం మీద రాయించుకోండి. హవల్దార్ వేరు, నాయబ్ సుబేదార్ వేరు. కొందరు జేసీవోలకు (నాయబ్ సుబేదార్, ఆపై సుబేదార్ స్థాయివాళ్లకు) పంద్రాగస్టుకో, జనవరి 26కో గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదా వస్తుంది, అదీ కనుక్కోండి.

– పెంబర్తి ఇత్తడి జ్ఞాపికకే నా ఓటు. చేతిపని కాబట్టి ఆర్డరు ముందే ఇవ్వాలి. చెక్కేముందు అక్షరాలు కాగితం మీద గీయించి, ఇంకొకరితో చదివించండి. సుబేదార్‌లో దీర్ఘం పోతే ఇత్తడి మీద దిద్దడం కష్టం, ఆయన కన్ను సక్కగా అక్కడికే పోతది.

– మూడు సింహాల ముద్ర వేయించొద్దు. 2005 చట్టం ప్రకారం దాన్ని ఎవరంటే వాళ్లు వాడకూడదు. దిండు గలీబుల మీద జాతీయ జెండా కూడా వద్దు.

– మెడల్స్ నకళ్లు కొనకండి. ఉన్నవి పెట్టుకునేందుకు అద్దాల పెట్టె చేయించండి, వరుస ఆయననే పేర్చుకోనివ్వండి.

– మందు సీసానా? మిలిటరీ క్యాంటీన్‌లో ఆయనకే మనకంటే చవక.

– బడ్జెట్ తక్కువైతే వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ (నేల మీద పరిచేది) చాలు. ఆయన కాజీపేట స్టేషన్‌లో ట్రంకు పెట్టెలతో దిగుతడు, ఏదిచ్చినా ఇంటికొచ్చాకే ఇవ్వండి.