50 ఎంఎం లెన్సుతో కన్ను స్పష్టంగా వచ్చేలా ఫొటో తీయడం ఎలా?

కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు పక్కన పెట్టి, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు తగిలించండి. నికాన్ డి3000, డి5000 వరుస కెమెరాలున్నవారు ‘జి’ రకమే కొనాలి. పాత ‘డి’ రకంలో ఫోకస్ మోటారు ఉండదు, ఆ కెమెరాల్లోనూ ఉండదు, కాబట్టి ఫోకస్ దానంతట అది కుదరదు. డయల్‌ను ‘ఎ’ లేదా ‘ఎవి’ (అపర్చర్, అంటే లెన్సు రంధ్రం ఎంత తెరవాలో మీరు చెబితే షట్టర్ వేగం కెమెరా చూసుకునే పద్ధతి) మీద పెట్టి, షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు కంటే తగ్గకుండా ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. ఇలాంటి కెమెరాల్లో ఉండే చిన్న ఏపీఎస్-సి సెన్సర్ మీద ఈ లెన్సు 75-80 ఎంఎం లెన్సులా చూపిస్తుంది కాబట్టి నాలుగడుగులు వెనక్కి నడవక తప్పదు. నడవడానికి బద్ధకించేవాళ్లే బరువైన జూమ్‌లు మెడకు వేలాడదీసుకుంటారు. కెనాన్ వారి 50 ఎంఎం ‘ఎస్‌టీఎం’ లెన్సు బరువు 160 గ్రాములే.

అందరూ పాడుచేసేది ఫోకస్. ఎఫ్ 1.8 దగ్గర, మీటరు దూరంలో ఉన్న ముఖంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ముక్కు కొసకు ఫోకస్ కుదిరితే కళ్లు మసకే. ఆ మాట తెలియక లెన్సు చవకదని తిడతారు. నేనూ తిట్టాను. ఒక బారసాలలో నేను తీసిన ఫొటోల్లో ఊయల తాడు పోగులతో సహా కనిపించింది, పాప మాత్రం మసక. ఫోకస్ ఎక్కడ పడాలో కెమెరాకే వదిలేశాను మరి. దగ్గరగా ఏది ఉంటే దాన్ని పట్టుకోవడం దాని అలవాటు.

అందుకని ఒకే ఫోకస్ పాయింటు ఎంచుకోండి. దాన్ని మీకు దగ్గరగా ఉన్న కంటి మీదికి జరపండి. మధ్య పాయింటుతో ఫోకస్ చేసి, ఆ తర్వాత కెమెరా తిప్పి ఫ్రేము సర్దుకోమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. వినకండి. మీటరు దూరంలో పది డిగ్రీలు తిప్పితే చాలు, ఫోకస్ ఒకటిన్నర సెంటీమీటరు కంటి వెనక్కి పోతుంది. ఫోకస్ కుదిరాక మీరు ముందుకు వాలినా అంతే నష్టం. మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. కదిలే పిల్లలకైతే ‘ఏఎఫ్-సి’ (కెనాన్‌లో ‘ఏఐ సర్వో’), అంటే కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ మార్చుకునే పద్ధతి పెట్టి వరుసగా నాలుగైదు తీయండి.

అపర్చర్ ఎఫ్ 2.8 కంటే ఎక్కువ తెరవకండి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). డబ్బిచ్చి కొన్న 1.8 వాడుకోవద్దా అంటారు. చీకటి పడ్డాక వాడుకోండి. 2.8 దగ్గర లోతు నాలుగు సెంటీమీటర్లకు పెరుగుతుంది. ఇద్దరుంటే ఎఫ్ 4, ఇద్దరి ముఖాలూ ఒకే వరుసలో.

తీశాక తెరమీద ఫొటో పెద్దది చేసి కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. లేకపోతే మనిషి లేచి వెళ్లకముందే మళ్లీ తీయండి.