శ్రీకాకుళంలో ఒక్కరోజే ఉంటే, సగం రోజు ఉద్దానానికి ఇవ్వండి

అరసవల్లిలో దండం పెట్టుకుని, శ్రీకూర్మంలో తాబేళ్లను చూసి, మధ్యాహ్నానికి విశాఖ బస్సెక్కేయడం చాలామందికి అలవాటు. ఈసారి అలా వెళ్లిపోకండి, పలాస, మందస, బారువ వైపు కొబ్బరి, జీడి తోటలున్న ఉద్దానం ప్రాంతం కూడా చూడండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఒక్క పూటలో లక్షల కొబ్బరి చెట్లను, వాటితోపాటు జీడి తోటలను కూల్చేసింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటేనే ఐదారేళ్లు పడుతుంది, ఇక పాత తోటంత కాపు రావాలంటే ఇంకెన్నేళ్లో మీరే లెక్కేసుకోండి.

రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. అది ఉన్నది ఆమదాలవలసలో, అక్కడి నుంచి టౌన్‌కి ఆటో దొరుకుతుంది. రోజు మొత్తానికి కారు మాట్లాడుకోండి, ఎందుకంటే శ్రీకూర్మం ఒక దిక్కు, పలాస ఇంకో దిక్కు, బస్సులు మారుతూ ఒక్కరోజులో రెండూ చూడటం కష్టం.

పొద్దున్నే అరసవల్లి. ఆదివారం అయితే క్యూలోనే పూట గడిచిపోతుంది, వేరే రోజు పెట్టుకోండి. మార్చిలో, అక్టోబర్ మొదట్లో రెండు మూడు రోజులు పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. అవి చూడాలనుకుంటే ఎంత రద్దీకైనా సిద్ధపడి రండి, మబ్బు పట్టిందంటే మాత్రం ఆ రోజుకి అంతే.

శ్రీకూర్మంలో స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలూ రెండు. దర్శనం కాగానే బయటికి వచ్చేయకండి. ప్రదక్షిణ మంటపంలో నెమ్మదిగా నడుస్తూ నల్లరాతి స్తంభాల దగ్గర ఆగండి, ఏటవాలుగా వెలుతురు పడిన చోట పాత శాసనాల్లో కొన్ని తెలుగు అక్షరాలు మీరే పోల్చుకోగలరు. గోడల మీది బొమ్మలు చాలావరకు వెలిసిపోయాయి, దయచేసి చేత్తో తడమకండి.

సాలిహుండం, కళింగపట్నం, శ్రీముఖలింగం ఇంకో రోజుకి ఉంచుకోండి.

ఇక హైవే ఎక్కి నరసన్నపేట, టెక్కలి మీదుగా పలాస. భోజనం పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో చేసేసి జీడిపప్పు అక్కడే కొనండి, గుండు పప్పుకీ బద్దకీ ముక్కకీ ధర వేరుగా ఉంటుంది, ఇంట్లో వంటకైతే బద్ద చాలు. ఏదైనా పరిశ్రమలో లోపలికి రానిస్తే పిక్క పగలగొట్టి, పొట్టు తీసి, సైజుల వారీగా ఏరే ఆడవాళ్ల చేతులు ఒక్కసారి చూడండి, ఆ పప్పు వెనక ఎంత పనుందో తెలుస్తుంది.

అక్కడి నుంచి మందస. వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, మందస కోవా తిని, బారువ వైపు వెళ్లండి. దారిలో ఏదైనా తోట దగ్గర బండి ఆపి పైకి చూడండి, తుపానుకి తట్టుకున్న ముసలి చెట్లు పొడుగ్గా అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి, వాటి కింద తర్వాత నాటిన చెట్లు. బొండాలు తాగండి, బేరం ఆడకండి. తోట మనిషి తీరిగ్గా ఉంటే “తుపానుకి ఎన్ని చెట్లు పోయాయి బాబూ?” అని ఒక్క మాట అడిగి ఊరుకోండి, చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతాడు. ఇళ్లకి, మనుషులకి అడగకుండా ఫొటోలు తీయొద్దు. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొచ్చి కనబడినవాళ్లందర్నీ దాని గురించి ఆరా తీసేవాళ్లున్నారు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి అది ఎంత బాధో ఆలోచించండి.

సాయంత్రం బారువ బీచ్‌లో కూర్చోండి, అలల్లోకి మాత్రం దిగొద్దు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ తిరుగుడుకి బాగుంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో వచ్చేవాళ్లు ముందురోజు రాత్రి వాతావరణ హెచ్చరికలు చూసుకోండి, వాయుగుండం అన్న మాట వినబడితే ప్రయాణం వాయిదా వేసుకోండి.